సరిచేసిన పాట

విల్యుస్ ఏటా వేసవిలో విల్నియస్ నగరం నుంచి మా ఊరికి దిగుతాడు. చేతిలో బొచ్చు తొడిగిన మైకు ఉంటుంది. చప్పుళ్లు రికార్డు చేసుకోవడానికి దాన్ని నాచుకీ, బిర్చి చెట్లకీ, వాన పడే చూరుకీ ఆనిస్తాడు. ఎవరి కోడి అరిచినా, ఎవరు తుమ్మినా పెదాల మీద వేలు పెట్టి కొరకొరా చూస్తాడు. ఆ వేలు చూస్తేనే మాకు ఒళ్లు మంట. పోయినేడు ముసలి మార్త్సెలె చేత, వాళ్లక్క అపొలోనియా చేత పాత కోతపాట పాడించుకుపోయాడు. రెండు గొంతులూ ఒక్క స్వరం తేడాలో ఒకదాన్నొకటి రాసుకుంటూ గంటల్లా మోగాల్సిన పాట అది. చలికాలంలో అపొలోనియా పోయింది. మొన్న విల్యుస్ తన ఆల్బం తెచ్చి మార్త్సెలె వంటింట్లో పెట్టి వినిపించాడు. పాట పొగమంచులా మెత్తగా సాగింది. ఆమె బంగాళాదుంప చెక్కు తీయడం ఆపింది.

"ఇందులో మా అక్క ఏదిరా?"

"ఉంది మామ్మా. మీ గొంతులు కలవట్లేదని, ఆమెది కంప్యూటర్లో జరిపి నీ గొంతుతో కలిపేశాను. ఇప్పుడు హాయిగా లేదూ?"

"అలా కలవకుండా పాడటానికి మాకు నలభై ఏళ్లు పట్టింది. మేం పాడింది పాడినట్టు ఉందా?"

"అది చెరిపేశాను. అయినా మామ్మా..."

మార్త్సెలె తన పెదాల మీద వేలు పెట్టింది. రెండో చేతిలో కత్తి అలాగే ఉంది.