ఒకసారికి ఒక్కటే మార్చే ఓర్విన్

ఓర్విన్ స్కార్ ఏ పనిలోనైనా ఒకసారికి ఒక్కటే మార్చేవాడు. రెండు మార్చడం అతని దృష్టిలో పాపం కూడా కాదు. పాపమైతే క్షమాపణ ఉంటుంది, మూర్ఖత్వానికి అదీ లేదనేవాడు.

మోంటానా కొండల కింద బ్రోకెన్ ఫోర్క్ అనే ఊళ్లో ఓర్విన్ తుపాకులు చేసేవాడు. అంగట్లో దొరికేవి కావు. దర్జీ కోటు కుట్టినట్టు, మనిషి భుజం కొలిచి, చెయ్యి కొలిచి, అక్రోటు కర్ర చెక్కి, ఒక్కొక్కరికి ఒక్కొక్క రైఫిల్. దాని తూటా ఎక్కించే బోల్టు వెనక్కి లాగి వేస్తే నూనె పట్టించిన గడియలా జారేది. అలాంటి తుపాకీ కూడా ఒక్కోసారి జబ్బు పడుతుంది. నిన్న ఒకేచోట తగిలిన తూటాలు ఇవాళ చెల్లాచెదురవుతాయి. అప్పుడు ఓర్విన్ ముందు మరలు బిగిస్తాడు, కాల్చి చూస్తాడు. తగ్గలేదా, దుర్భిణీ బిగింపు చూస్తాడు, మళ్లీ కాల్చి చూస్తాడు. మన తార్కికులు పొగనూ నిప్పునూ పట్టుకుని శతాబ్దాల పాటు జుట్టూ జుట్టూ పట్టుకున్నది ఈ ముక్క కోసమే: ఏది ఉంటే ఏది ఉంటుంది, ఏది తీసేస్తే ఏది పోతుంది? నేను ఎన్నో దేశాలు తిరిగాను, ఎందరో పండితుల పక్కన కూర్చున్నాను. ఆ సూత్రాన్ని పప్పులో ఉప్పు దాకా అమలు చేసిన మనిషిని మాత్రం ఓర్విన్‌నే చూశాను. అతని పనిశాల మీది గదిలో అద్దెకున్నాను కాబట్టి తప్పించుకోలేకపోయాను కూడా.

ఒకసారి నడుం పట్టేస్తే డాక్టరు రెండు రకాల మాత్రలిచ్చాడు. ఓర్విన్ ఒకటే వేసుకున్నాడు. వారం తర్వాత గూనితో వెళ్లాడు.

"రెండూ కలిస్తేనే పనిచేస్తాయయ్యా!" అని డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు.

"అలాగని నీకెలా తెలుసు? విడివిడిగా వేసి చూశావా?"

"నేనెందుకు వేసుకుంటాను? నాకు నడుం బాగానే ఉంది!"

"అదీ సంగతి. పరీక్ష చెయ్యకుండానే వైద్యం చేసేస్తున్నావు," అని ఓర్విన్ వంగిన నడుంతోనే గెలిచి బయటికొచ్చాడు.

పెళ్లాం ఐరిస్ వదిలి వెళ్లినప్పుడూ అంతే. ముందు పొగాకు మానేశాడు, ఎదురు చూశాడు. రాలేదు. మళ్లీ పొగాకు మొదలెట్టి, గడ్డం తీసేశాడు. రాలేదు. గడ్డం పెంచి, ఆదివారాలు పనిశాల మూసేశాడు. ఆ లోపు ఆవిడ స్పోకేన్ పట్నంలో ఒక పళ్ల డాక్టరును చేసుకుంది.

"ఒరే, మూడూ ఒకేసారి చేసి ఉంటే వచ్చేదేమోరా!" అన్నాను.

"వచ్చేదేమో," అన్నాడు. "ఎందుకొచ్చిందో తెలిసేది కాదుగా."

నవ్వాను. అతను నవ్వలేదు. ఆకురాయి తీసుకుని ఏదో అరగదీయడం మొదలెట్టాడు. అరగదీయడానికి అక్కడేమీ లేదు.

ఇక హార్లన్ బ్రెక్కీ సంగతి. శరదృతువులో ఎల్క్ దుప్పుల వేటకు మేమంతా కొండ మీద గుడారాలు వేసేవాళ్లం. ఆ దండుకు పెద్ద హార్లన్. అతను పెట్టిన నియమం ఒకటుంది. వేటకు ముందురోజు గడ్డిమోపుకు ఒక కాగితం పళ్లెం గుచ్చుతారు. మూడు తూటాలూ పళ్లెంలో పడ్డవాడు వేటకు కొండ గట్టెక్కుతాడు. ఒక్కటి బయటపడినా గరిటె పట్టుకుని వంట గుడారంలో ఉంటాడు. జాలి లేదు, వాయిదా లేదు. హార్లన్ సొంత అన్ననే వంటకు పంపాడు. ఆయన గరిటె విసిరికొట్టి కొండ దిగాడు, మళ్లీ రాకుండానే పోయాడు. నా తూటా ఒకటి పళ్లెం అంచును చీల్చుకుని పోతే, "అంచు పళ్లెం కాదు. ఉల్లిపాయలు తరుగు పో," అన్నాడు నాతో.

ఐరిస్ వెళ్లిన ఏడు ఓర్విన్ గురి తప్పింది. ఒక తూటా గడ్డిలోకి పోయింది.

"పెళ్లాం పోతే పోయింది. పళ్లెమేం పాపం చేసింది?" అన్నాడు హార్లన్.

అప్పుడు పట్టిన గరిటెను ఓర్విన్ మళ్లీ దించలేదు. ఆ తర్వాత ఏటేటా కాల్చి చూడమంటే, "నాలో ఏది తప్పో ఇంకా తేలలేదు" అనేవాడు. దండులో సగంమంది భుజాన ఉన్న తుపాకులు అతను చేసినవే. అతను మాత్రం చిక్కుడుగింజల సూప్ కాచేవాడు. అదీ ఏడాదికి ఒక్కటే మార్చి. ఒక ఏడు ఉప్పు, ఒక ఏడు మిరియాలు. ఆ సూప్ బాగుపడే లోపు మేమంతా పోతామని దండంతా లెక్కేసుకుంది.

ఒక వసంతంలో హార్లన్ పనిశాల తలుపు తన్నుకుంటూ వచ్చాడు. పశువులన్నీ అమ్మేసుకున్నాక ఆ మనిషికి మిగిలింది కొండ గట్టొక్కటే. "గరిటె పట్టే రోజొస్తే ఇక కొండెక్కను" అని ఊరందరి ముందూ అన్నవాడు.

"ఏరా ఓర్విన్! ఇది తుపాకీయా, చీపురా? మొదటి తూటా నడిమధ్య పడుతుంది. రెండోది అటు, మూడోది ఎటో దేవుడికే తెలియాలి. నీ చేతిపని ఇదేనా?"

ఓర్విన్ ముఖం వెలిగిపోయింది. మరలు బిగించాడు. తను కాల్చాడు. మూడు తూటాలూ బొత్తాము వెనక దాగేంత చోట పడ్డాయి. హార్లన్ కాల్చాడు. చెల్లాచెదురు.

మరోవారం దుర్భిణీ. ఓర్విన్ కాలిస్తే బొత్తాము, హార్లన్ కాలిస్తే చెల్లాచెదురు. తర్వాత గొట్టం వేడెక్కి కర్రకు ఒరుసుకుంటోందేమోనని చర్చిలో ఇచ్చిన పాటల కాగితం గొట్టం కింద జొనిపి మూతి నుంచి మొదలు దాకా లాగాడు. ఎక్కడా తట్టలేదు. గొట్టం కడిగాడు. తూటాలు మార్చాడు. వేసవంతా అదే వరస.

డెల్ఫీన్ కాఫీ కొట్లో ఊరంతా నవ్వుకుంది. "ఈసారి హార్లన్‌కు ఏప్రాన్ నేనే కుట్టిస్తా, పూలది," అంది డెల్ఫీన్. నేను మా ఆడలేక మద్దెల ఓడన్న సామెత అర్థం చెబితే, దాన్ని పలకపై రాసి గల్లాపెట్టె పక్కన పెట్టింది. ఉల్లిపాయలు తరిగిన చేతులు కదా నావి, లోపల పండగగానే ఉంది.

"ఇక మిగిలింది ఏమిట్రా?" అని ఓర్విన్‌ను గిచ్చాను.

"తుపాకీకి చివరి భాగం దాని వెనక ఉండే మనిషి," అన్నాడు. ఆ మాట సంతోషంగా అనలేదు.

మర్నాడు పొద్దున్నే పనిశాల వెనక హార్లన్ బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఇవాళ తూటా నేను పెడతా," అని ఓర్విన్ బోల్టు వేసి తుపాకీ చేతికిచ్చాడు. హార్లన్ గురిచూశాడు, ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్కుమంది. పేలలేదు. పేలని తుపాకీ నిశ్చలంగా ఉండాలి కదా. గొట్టం మూతి బెదిరిన కోడిలా నేలకు పొడుచుకుంది. హార్లన్ కళ్లు గట్టిగా మూసుకున్నాయి, కుడి భుజం వెనక్కి పీక్కుపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ ఏడాది మొదట్లో పొరుగువాళ్ల దూడలకు ముద్రలేయడానికి పోతే, గుర్రం అతన్ని కుడి భుజం మీద పడేలా విసిరేసిందని ఎవరో అన్నారు. అప్పట్నుంచీ టోపీ కూడా ఎడంచేత్తోనే పెట్టుకుంటున్నాడు. పేలగానే తుపాకీ వెనక్కి తన్నే తన్నుకు భయపడి, తూటా బయటికి రాకముందే ఒళ్లు ముడుచుకుంటోంది. మొదటి తూటా దాకా ఓర్చుకుని, ఆ తర్వాత ఓర్చుకోలేక.

హార్లన్ ముఖం సున్నంలా పాలిపోయింది. వంట గుడారం అతని కళ్లల్లో కనబడింది. నా నోరు ఎన్నేళ్లుగానో ఇలాంటి క్షణం కోసం తెరుచుకుని ఉంది.

ఓర్విన్ నుదురు కొట్టుకున్నాడు.

"స్ప్రింగు చచ్చిందిరా! తూటా మీద పిన్ను బలంగా కొట్టడం లేదు. నేను వేసిన స్ప్రింగే. తప్పు నాదే హార్లన్."

ఆ చెయ్యి జేబులోకి పోతుంటే, తుపాకీలో పెట్టని తూటా పిడికిట్లో మెరిసింది. నేను చూశాను. నేను చూడటం అతను చూశాడు.

"చెప్పానా? మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను!" అన్నాడు హార్లన్. గొంతులో ఎప్పటి గర్జన మాత్రం లేదు.

ఆ రోజు పనిశాలలో నేను చూసింది ఎవరికి చెప్పినా నమ్మరు. ఓర్విన్ భుజానికి ఆనే తుపాకీ మడమకు మందంగా మెత్తటి రబ్బరు అంటించాడు. కర్ర పొట్టి చేశాడు. అదురు తగ్గేలా కర్ర లోపల సీసం పోశాడు. తూటాల్లో మందు తగ్గించాడు. ట్రిగ్గర్ మార్చాడు. బాగున్న స్ప్రింగు తీసి కొత్త స్ప్రింగు వేశాడు. అన్నీ ఒక్కరోజే.

"ఒంట్లో బాగుందా నీకు? ఇన్ని ఒకేసారి మారిస్తే ఏది తప్పో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు."

"మరి?"

"తెలియదంటున్నాగా! నాకూ తెలియదు, అతనికీ తెలియదు, నీకూ తెలియదు. నీకు తెలిస్తే మాత్రం ఆ నోటిని డెల్ఫీన్ కొట్టు దాకా మోసుకెళ్లకు."

డెల్ఫీన్ కొట్టుకు తనే వెళ్లాడు. పలక మీద సామెత చూసి, "అవును, మద్దెల ఓడే. చేసినవాణ్ణి నేనే," అని ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. తన పని మీద ఈగ వాలినా సహించనివాడు! ఆ వారమే ఒక ఆసామి కొత్త రైఫిల్ వద్దని కబురు పంపాడు. ఇంకొకాయన మంచి తుపాకీని అనుమానంతో మరమ్మతుకు తెచ్చాడు. అబద్ధాలకు గిరాకీ ఇలాగే ఉంటుంది.

పళ్లెం రోజు హార్లన్ మూడు తూటాలు కాల్చాడు. రెండు లోపల, ఒకటి అంచు కొరికింది. దండంతా నా వైపు చూసింది. గరిటెతో ఓర్విన్ బయటికొచ్చి పళ్లెం పట్టుకుని తేరిపార చూశాడు.

"అంచు కూడా పళ్లెమే," అన్నాడు.

నా అంచు గురించి నేనేమీ అనలేదు. అనకుండా ఉండటం నాకు ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకే తెలుసు.

హార్లన్ కృతజ్ఞత చెప్పే మనిషి కాదు. "తుపాకీ చెయ్యడం ఇప్పటికి నేర్చుకున్నాడు వీడు!" అని అందరికీ వినబడేలా అని గుడారంలోకి నడిచాడు. ఓర్విన్ తల ఊపి పొయ్యి దగ్గరికి పోయాడు. నాకు ఒళ్లు మండింది.

పొద్దు వాలుతుంటే సూప్ వడ్డించాడు. అందరం ప్రాణాలకు తెగించి ఒక చెంచా తీసుకున్నాం. చెంచాలన్నీ మళ్లీ గిన్నెల్లోకి పోయాయి. అద్భుతంగా ఉంది.

"ఏం మార్చావురా ఈసారి?" అని హార్లన్ అడిగాడు.

"రెండు మార్చాను."

"ఏవేవి?"

"చెప్పను. నాకూ గుర్తులేదు."

ఒకసారికి ఒక్కటే మార్చే ఓర్విన్ రెండు మార్చాడని దండంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. హార్లన్ నవ్వలేదు. గుడారపు గుంజకు ఆనించిన తన రైఫిల్ వైపు, దాని మడమకున్న మందపాటి రబ్బరు వైపు చూశాడు. ఓర్విన్ వైపు చూశాడు. గిన్నెలో మిగిలిన సూప్ తాగేశాడు.

"ఇంకో గరిటె వెయ్యి," అన్నాడు చివరికి. ఇన్నేళ్లలో ఆ సూప్ రెండోసారి అడిగినవాడు అతనొక్కడే.

గిన్నె ఎడంచేత్తో చాపాడు. అందరి ముందూ, దాచుకోకుండా.