జానెడు తగ్గిన తొమ్మిది గజాలు

ఈ నెల పదకొండు, శనివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మా మనవరాలిని ఏం చేస్తున్నావని అడిగితే, ఒక కంప్యూటరు భాష వివరణలో తప్పు దిద్దుతున్నానంది. దశాంశ బిందువు ఉన్న సంఖ్యను పూర్ణసంఖ్యగా మార్చే ఆజ్ఞ దగ్గరి సంఖ్యకు సవరిస్తుందని పుస్తకంలో రాశారట, నిజానికి అది బిందువు తరువాతిదంతా కోసేస్తుందట. చదివి నమ్మినవాళ్ల లెక్కలు తప్పుతాయని ఆమె చెబుతుంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఆ పని నేను పంతొమ్మిది వందల అరవై రెండులో చేశాను!

గజాలు పోయి మీటర్లు వస్తున్న రోజులవి. నల్లగొండలో మా నేతవీధిలో పాత గజంబద్దలన్నీ చేనేత సొసైటీవాళ్లు తీసుకుపోయి మీటరుబద్దలు ఇచ్చారు, ఎన్ని గజాలకు ఎన్ని మీటర్లో తెలిపే అచ్చుకాగితం సొసైటీ గోడకు అంటించారు. నేను అక్కడే కొత్తగా గుమాస్తాగా చేరాను. పడుగు, అంటే నిలువు దారాలు, వీధిలో సాగదీసి గంజి పెట్టినప్పుడే, చీరకూ చీరకూ నడుమ ఎర్రమట్టి జాజుతో గుర్తు పెట్టడం మా పద్ధతి. గంజి ఆరిందంటే ఆ గుర్తు ఇక మారదు, నేసేవాడు దాన్ని చూసే చీర ముగిస్తాడు.

ఆ పొద్దున మా బాపు, అంటే నాన్న, సాగదీసిన పడుగు వీధిలో ఉంది. ఆయన జాజు కలిపి గుర్తులకు సిద్ధమవుతుండగా, పానగల్ వైపు నుంచి గొర్ల మందలవాళ్ల పెద్దమ్మ, అంతకు ముందు మా చిన్నాయన దగ్గర కొన్న చీర చంకన పెట్టుకొని వచ్చింది.

"ఏం మరిదీ, సగం చీర మీ ఇంట్లనే మరిచినవా? గోసి పెట్టవోతె చెంగు ఎనుకకు అందుతలేదు. మా ఆడోళ్లందరు నవ్వవట్టిరి!"

చిన్నాయన ముఖం చిన్నబోయింది. ఆ చీర వచ్చిన ఆయన పడుగులోని ఎనిమిది చీరలూ అచ్చుకాగితం చూసి గుర్తు పెట్టినవే. అదే కొలతతో గుర్తు పెట్టబోతున్న బాపు చేతిలోని జాజు అలాగే ఆగింది. నేను సొసైటీకి పరుగెత్తాను.

కాగితంలో తొమ్మిది గజాలకు ఎదురుగా ఎనిమిది మీటర్లని ఉంది, అడుగున సన్నని అక్షరాల్లో బిందువు తరువాతి అంకెలు విడువవలెనని ఉంది. కార్యదర్శిగారు తల అడ్డంగా ఊపారు. "అచ్చుల ఉన్నదాన్ని మనమెట్ల దిద్దుతం బిడ్డా? రేపు పైనోళ్లు అడిగితె?" వాదించే తీరిక ఎక్కడిది, అటు గంజి ఆరిపోతోంది. మూలనున్న కుప్పలోంచి ఒక గజంబద్ద లాగి నేలమీద తొమ్మిదిసార్లు కొలిచి సుద్దతో గీశాను. ఆయనే లేచి, పక్కనే మీటరుబద్దతో ఎనిమిదిసార్లు కొలిచారు. రెండు గీతల నడుమ ఖాళీలో అరచేయి చాపితే సరిగ్గా జానెడు!

"గింత జాగా ఎటువోయిందే!" అని ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వి, సిరాబుడ్డి నా వైపు జరిపారు. "నువ్వు దిద్దు. సంతకం నేను వెడ్త."

ఎనిమిది మీటర్ల ఇరవై మూడు సెంటీమీటర్లని రాసి, అడుగునున్న ఆ వాక్యం కొట్టేశాను. తిరిగి పరుగున వచ్చేసరికి వీధిలోని ఆడవాళ్లంతా పడుగు మీద నీళ్లు చిలకరిస్తూ ఆరనివ్వకుండా కాస్తున్నారు, నేను దూరం నుంచే కొలత అరిచి చెప్పాను, బాపు మొదటి గుర్తు పెట్టాడు. అంత సంతోషం నాకు మెట్రిక్ పరీక్ష పాసైన రోజున కూడా కలగలేదు.

కాని చిన్నాయన పడుగు అప్పటికే నేసి, కోసి, చీరలైపోయింది. పెద్దమ్మ చీర తిరిగిచ్చింది, మిగతా ఏడింటినీ సంతలో ఎవరూ ముట్టలేదు. మరుసటి ఏడు ఆయన మగ్గం విప్పి అమ్మేసి షాద్‌నగర్‌లో కూలిపనికి పోయాడు, పండుగకు వచ్చినా మా పడుగు దగ్గర నిలబడేవాడు కాదు. ఈ రోజుల్లో తప్పు దొరికితే ఆ పూటే దిద్ది లోకమంతటికీ పంపగలుగుతున్నారు, మాకు ఒక వీధి దాటేసరికే ఆలస్యమైంది. పోయినదాని లెక్క తేలింది ఇంతే: చీరకు జానెడు చొప్పున ఎనిమిది చీరలకు, ఎవరూ నేయని రెండు గజాల గుడ్డ, ఒక మగ్గం.