మోతికి ఉప్పు బంద్

మొన్న మంగళవారం పొద్దున నా మందుల షాపు షటరు ఎత్తుతుంటే మా కాలనీ ఆటో ఆయన వచ్చి, "అక్కా, మీ పెద్దబాపు లేస్తలేడు, జర జల్ది రా" అన్నాడు. బీపీ మిషన్ పట్టుకుని పరుగెత్తాను. దాని అవసరం లేకపోయింది. మందమర్రి బొగ్గు బాయిల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, నిద్రలోనే పోయాడు.

ఆయన గురించి రాయాలంటే మోతి జబ్బు గురించే రాయాలి. మోతి ఆయన పెంచిన నల్ల కుక్క. జాతీ గీతీ ఏమీ లేదు, వీధిలో దొరికిందే. పెద్దమ్మ పోయాక ఆ రెండు గదుల ఇంట్లో ఆయనతో ఉన్నది అదొక్కటే. జొన్న రవ్వ ఉడికించిన గట్కలో సల్ల, అదే మజ్జిగ, పోసి కలిపితే సగం ఆయనకు, సగం దానికి. అందులో ఉప్పు మాత్రం చూసేవాళ్ల గుండె గుభేలుమనేంత వేసేవాడు. బాయిలో పనిచేసినన్నాళ్లు చెమటకు బనీను పిండుకునేవాళ్లట, అప్పటి అలవాటు. బీపీ వస్తదని నేను మొత్తుకుంటే, "ఒంట్లె ఉప్పు లేకుంటె కాళ్లు నిలవడవ్ బిడ్డా, నాకెర్క" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఫార్మసీ చదివినదాన్ని కదా!

పోయిన ఏడాది ఒకరోజు మోతి తిండి మానేసింది. కక్కుకుంది, వెనక కాళ్లు వణికాయి. పశువుల దవాఖానలో సెలైన్ ఎక్కించి సూది వేస్తే మర్నాడు తోక ఊపుకుంటూ గేటు దాకా వచ్చింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాం. ఇరవై రోజులకు మళ్లీ అదే వరస. ఒక డాక్టరు కడుపులో పురుగులన్నాడు. ఇంకొకాయన ఒంటిని పట్టి రక్తం తాగే గోమార్ల వల్ల వచ్చే జ్వరమన్నాడు. మూడో ఆయన ఏదో తినరానిది తిన్నదన్నాడు. సెలైన్ ఎక్కినప్పుడల్లా లేచేది, ఇరవై రోజులు తిరగగానే పడిపోయేది. ఏ మందు ఇస్తే ఆ మందే పనిచేసిందనుకునేవాళ్లం. అందరం పరేషానే.

పెద్దబాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని, పక్కటెముకల మీద వేలితో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి సప్పుడు వింటారు. గట్టి సప్పుడైతే పని, డొల్ల సప్పుడైతే వెనక్కి. "ఎంత పెద్ద బండైనా కొడితె చెప్తది బిడ్డా, నేను కూల్తున్న అని. ఇదేమో ఏం చెప్తలేదు" అని నా ముఖం చూసేవాడు. వేల మందుల పేర్లు తెలిసి ఏం లాభం, ఏ జబ్బో తెలియనప్పుడు!

తర్వాత ఒక రక్త పరీక్షలో తేడా వచ్చింది. కిడ్నీల జబ్బు కావచ్చు, ఉప్పు తగ్గించండి అన్నాడు డాక్టరు. తగ్గించమన్నదాన్ని నేను పూర్తిగా మాన్పించాను. "మోతికి ఉప్పు బంద్" అని కాగితం మీద రాసి ఆయన పొయ్యి పక్క గోడకు అంటించాను కూడా.

"సప్పటిది ఎట్ల తింటది బిడ్డా?" అన్నాడు.

"నీ ఉప్పుతోనే దాని కిడ్నీలు ఖరాబైనయ్ పెద్దబాపూ" అని కసిరాను.

ఆ పూట నుంచి ఆయన తన గట్కలోనూ ఉప్పు మానేశాడు. ఎందుకని అడిగితే, "అది సప్పటిది తింటుంటె నాకెట్ల ముద్ద దిగుతదే?" అన్నాడు. మోతి మాత్రం బాగుపడలేదు. ఇరవై రోజులకొకసారి పడిపోయేది వారానికే పడిపోసాగింది. జబ్బు ముదిరిందనుకున్నాను. అంతకుమించి నా బుర్రకు తట్టలేదు.

చివరికి కారు మాట్లాడుకుని కరీంనగర్ తీసుకెళ్లాం. దారంతా దాని తల ఆయన ఒళ్లోనే. అక్కడి డాక్టరు ఇది కిడ్నీ కాకపోవచ్చు అని, రక్తం తీసి ఇంకో పరీక్షకు హైదరాబాద్ పంపాడు. ఆ పరీక్ష కాగితం వచ్చేదాకా మోతి ఆగలేదు. మూడో రోజు పొద్దున ఆయన అరచేయి నాకుతూ నాకుతూనే ఆగిపోయింది. ఇంటి వెనక ఆయనే గుంత తవ్వాడు. నేను తవ్వుతా, పార ఇమ్మంటే ఇవ్వలేదు.

రెండు రోజుల తర్వాత కరీంనగర్ డాక్టరు ఫోన్ చేశాడు. ఒంట్లో ఉప్పును నిలబెట్టే గ్రంథి పాడైందట. "ఇంట్లో ఉప్పు ఎక్కువ వేసి పెట్టేవాళ్లా?" అని అడిగాడు. పెట్టేవాళ్లం, నేనే మాన్పించానన్నాను. "ఆ ఉప్పే అన్నాళ్లూ దాన్ని కొంత ఆదుకుని ఉంటుంది" అన్నాడు. దానికి వాడాల్సిన మాత్రల్లో ఒకటి నా షాపులో ఎప్పుడూ ఉండేదే.

ఆ సాయంత్రమే చెబుదామని వెళ్లాను. చెప్పలేకపోయాను. ఆయన తిడతాడని కాదు, తిట్టే మనిషి కాదు. నా తప్పు నా నోటితో ఒప్పుకోవాల్సి వస్తుందని, అంతే. ఆ తర్వాత నెలన్నర బతికాడు. రోజూ చూశాను, రోజూ మింగేశాను. తన చేత్తోనే మోతిని చంపుకున్నాననుకుంటూ పోయాడు ఆ మనిషి.

చెబుదామని వెళ్లిన ఆ సాయంత్రం నన్ను చూసి, "తింటవా బిడ్డా?" అని గట్క వడ్డించాడు. సల్ల పోశాడు. ఉప్పు డబ్బా మూత తీశాడు గానీ అందులో చెయ్యి పెట్టలేదు. డబ్బాను నా ముందుకు జరిపాడు.

"నువ్వే ఏస్కో బిడ్డా. నా చెయ్యి మంచిది గాదు" అని, ఆ చేతిని పంచెకు తుడుచుకుంటూ కూర్చున్నాడు.