కుండీలో పాతిన సంచి

ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. చిన్నాపెద్దా అందరికీ తూకం అక్కే. ముప్పై రెండేళ్ళు ధాన్యం గోదాములో కాటా పక్కన పనిచేసింది. బస్తా మూతి విప్పి పైపైన చూసి సరే అనడం ఆవిడ వంటికి పడదు. మొనదేలిన ఇనుప గొట్టాన్ని బస్తా నడుములోకి కస్సున దించి, లోపలి గింజలు అరచేతిలోకి దులిపి చూసేది. పైన మంచి గింజలు పోసి మధ్యలో మట్టిబెడ్డలు కూరే వ్యాపారులు, ఆ పూట డ్యూటీలో ఆవిడ ఉందని తెలిస్తే లారీని గేటు దగ్గర నుంచే వెనక్కి తిప్పుకుని పోయేవారు.

రిటైరయింది గానీ ఆ గుణం రిటైరవలేదు. డాక్టరు మందు రాస్తే, ఆ చీటీ పట్టుకెళ్ళి పక్కవీధి డాక్టరుకు చూపించి వస్తుంది. కూరల బండివాడు కాటా ఎత్తితే వాడి వేళ్ళ వంకే చూస్తుంది. ఇవాళ ఆదివారం అని చెప్పినా క్యాలెండరు చూసుకునే రకం అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. అది ఆవిడకు తెలియకపోలేదు. "నవ్వుకోనీ. నా చెవిలో పువ్వులు పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు" అనేది.

ఇలాంటి మనిషి షేర్లు కొనేవాళ్ళ గుంపులో ఎలా చేరిందయ్యా అంటే, తమ్ముడి కోసం. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆవిడకు పదిహేడు. ముక్కు తుడవడం దగ్గర నుంచి పెళ్ళి చెయ్యడం దాకా అన్నీ ఆవిడే. వాడు బస్సు డ్రైవరయ్యాడు, ఇరవై అయిదేళ్ళు ఒక్క యాక్సిడెంటు లేకుండా నడిపాడు. పోయినేడు కంటిచూపు మందగించిందని, ఇక స్టీరింగు పట్టొద్దని ఇంటికి పంపేశారు. పంపేస్తూ కాస్త పెద్ద మొత్తమే ఒక్కసారిగా చేతిలో పెట్టారు. మళ్ళీ జీతం వచ్చే దారి లేదు. వాడూ, మరదలూ బతికినన్నాళ్ళు బతకాల్సింది దానితోనే. ఆ డబ్బు పట్టుకుని ఈ అమాయకుడు ఎవడి బుట్టలో పడతాడోనని ఆవిడకు కంటిమీద కునుకు లేదు. వాడు జిరాక్స్ షాపు గుంపులో చేరాడని వినగానే తనూ వెళ్ళి కూర్చుంది. పెట్టుబడికి కాదు, కాపలాకి.

గుంపంటే అయిదుగురు. షాపు ఓనరు జిరాక్సాయన, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, తమ్ముడు, ఆవిడ. ఆదివారం పొద్దున్నే పదింటికి షాపు వెనక గదిలో కాగితాల కట్టల మధ్య కూర్చుంటారు. ఎవరి డబ్బు వాళ్ళదే. కానీ ఒక కట్టుబాటు ఉంది. ఒక కంపెనీలో పెట్టాలంటే అయిదు చేతులూ లేవాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా ఎవరూ పెట్టకూడదు. ఒకసారి ఎవరికి వాళ్ళు సొంత తెలివితేటలు చూపించి చేతులు కాల్చుకున్నాక పెట్టుకున్న నియమం అది. అయిదో చెయ్యి ఎప్పుడూ తూకం అక్కదేనని వేరే చెప్పక్కర్లేదు.

ఆ చలికాలంలో డ్రాయింగ్ మాస్టారు ఒక కంపెనీ సంగతి తెచ్చాడు. వాడాక మట్టిలో కలిసిపోయే సంచులు, డబ్బాలు తయారుచేసే కంపెనీ. దాని షేరు ఇంకా మార్కెట్లోకి రాలేదు, కంపెనీ చిన్న మొత్తాలవాళ్ళ దగ్గర కూడా పెట్టుబడి తీసుకుంటోంది, పెట్టినవాళ్ళు మూడేళ్ళ దాకా కదపకూడదు. మాస్టారు బల్ల మీద ఒక పుస్తకం, అరడజను నమూనా సంచులు పరిచాడు.

"రేపు ప్లాస్టిక్ మొత్తం ఆపేశారనుకోండి, ఇక దేశమంతా వీళ్ళ సంచులే" అన్నాడు మాస్టారు.

"ఆపేస్తామని నా పెళ్ళినాటి నుంచీ వింటున్నా" అంది నర్సమ్మ.

"ధర?" అన్నాడు జిరాక్సాయన. "మామూలు సంచికి మూడింతలుంటే నా షాపులో నేనే కొనను."

"ఎక్కువ తయారైతే ధర అదే దిగుతుంది" అన్నాడు తమ్ముడు. వాడు అంత చురుగ్గా మాట్లాడటం అందరికీ కొత్త. "పుస్తకంలో ఉంది. నేను మొత్తం చదివాను."

తూకం అక్క సంచిని వేళ్ళ మధ్య నలిపింది, వాసన చూసింది, కొసను పంటితో కొరికి చూసింది. "ఇది మట్టిలో కలుస్తుందని ఎవరు చెప్పారు మాస్టారూ?"

"కంపెనీవాళ్ళే చెప్పారమ్మా. ఫొటోలు కూడా ఉన్నాయి, చూడండి."

"మా గోదాములో బస్తా మీద కూడా మంచి బియ్యం ఫొటోనే ఉండేది" అంది ఆవిడ. "ఒక సంచి నాకివ్వండి. మా బాల్కనీలో కుండీ ఉంది, అందులో పాతుతా. నలభై రోజుల తర్వాత ఇక్కడే మీ అందరి ముందు తవ్వుదాం. కరిగితే నా చెయ్యి లేస్తుంది. లేకపోతే ఈ పుస్తకం మూసెయ్యండి."

అందరికీ నచ్చింది. తమ్ముడొక్కడే గొణిగాడు, "నలభై రోజులెందుకక్కా, చాలా ఆలస్యమైపోతుంది" అని. "ఇన్నాళ్ళు ఆగినవాడివి, నలభై రోజులు ఆగితే పుట్టి మునుగుతుందా?" అని కసిరింది.

ఇంటికెళ్ళి సంచి పాతేముందు ఆవిడ ఒక పని చేసింది, ఎవరికీ చెప్పలేదు. సంచి నాలుగు మూలల్లో సూదితో మూడేసి చిల్లులు పొడిచింది. బస్తాలు దారిలో మారిపోకుండా గోదాములో పెట్టే రహస్య గుర్తు లాంటిదన్నమాట. ఆ తర్వాత రోజూ నీళ్ళు పోసింది. ఆ నలభై రోజుల్లో మాస్టారు రెండుసార్లు ఇంటికొచ్చాడు, అటుగా వెళ్తున్నానంటూ. రెండుసార్లూ బాల్కనీలో నిలబడి కుండీ చూసి, "బాగా తడుపుతున్నారా?" అని అడిగాడు. ఎందుకడుగుతున్నాడో అని రెండుసార్లూ ఆవిడకు అనుమానం వచ్చింది.

నలభై రోజులు నిండాక వచ్చిన ఆదివారం అది. తమ్ముడు కుండీ మోసుకొచ్చి జిరాక్స్ షాపు వెనక గదిలో నేల మీద పాత పేపర్లు పరిచి బోర్లించాడు. మట్టిగడ్డ విడిపోయింది. సంచి లేదు. గోరంత, రూపాయి బిళ్ళంత నల్లటి ముక్కలున్నాయంతే.

"చూశారా! నేను చెప్పలా?" అని మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. జిరాక్సాయన నోరెళ్ళబెట్టాడు. నర్సమ్మ అప్పుడే చెయ్యి ఎత్తేసింది. తమ్ముడు మాత్రం అక్క మొహం వంకే చూస్తున్నాడు.

ఆవిడ నేల మీద కూర్చుంది. ముక్కలన్నీ ఏరి, గిన్నెలో నీళ్ళు తెచ్చి ఒక్కొక్కటే కడిగి, పేపరు మీద వరసగా పేర్చింది. అందరూ చూస్తుండగానే మూలల ముక్కలు వెతికి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకెత్తి చూసింది. ఒక్కదాంట్లోనూ సూది చిల్లు లేదు. అంచులు చూస్తే కుళ్ళి చిరిగినట్టు లేవు, కత్తెర పెట్టి కత్తిరించినట్టు నున్నగా ఉన్నాయి.

ఆవిడ ఒళ్ళు భగ్గుమంది.

"ఇది నేను పాతిన సంచి కాదు" అంది. చిల్లుల సంగతి చెప్పింది. ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "కంపెనీవాళ్ళు మీకెంతిస్తున్నారు మాస్టారూ?"

"ఏంటమ్మా?"

"సంచులు మీ దగ్గరున్నాయి. మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ కుండీ దగ్గరే నిలబడ్డారు. మీరు మంచినీళ్ళడిగితే నేను లోపలికెళ్ళాను. ఆ కాస్త టైము చాలదా?"

"అక్కా, ఊరుకో" అన్నాడు తమ్ముడు.

"నువ్వుండరా! నీలాంటి వాళ్ళ డబ్బు మింగడానికే ఈ ఏర్పాట్లన్నీ. ముక్కలు కత్తిరించి మట్టిలో కలిపేస్తే ముసలిది కనిపెట్టలేదనుకున్నారు. అవునా మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంత మాట అంటారనుకోలేదు" అన్నాడు. తన పుస్తకం బల్ల మీదే వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దాటేటప్పుడు తూలితే నర్సమ్మ వెళ్ళి పట్టుకుంది.

దారిలో తమ్ముడు ఖాళీ కుండీ చంకలో పెట్టుకుని రెండడుగులు వెనకగా నడిచాడు. ఆవిడ ఆపకుండా చెబుతూనే ఉంది. మాస్టారి మెత్తదనం చూసినప్పుడే తనకు తేడాగా అనిపించిందనీ, సూది పెట్టకపోయి ఉంటే ఈపాటికి అందరూ నిండా మునిగేవాళ్ళనీ. ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే తమ్ముడు కుండీ కింద పెట్టి మొదటి మెట్టు మీద కూలబడ్డాడు.

"మాస్టారు కాదక్కా. నేనే."

ఆవిడకు అర్థం కాలేదు. "ఏంటి నువ్వు?"

"సంచి మార్చింది నేను. నీ ఇంటి తాళం నా దగ్గరుంది కదా. ఇరవయ్యో రోజు నువ్వు బజారుకెళ్ళినప్పుడు వచ్చి తవ్వి చూశా. కొత్తదానిలా ఉంది, చెక్కు చెదరలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మాస్టారిచ్చిన ఇంకో సంచి నా దగ్గరుంటే దాన్ని కత్తిరించి పాతేశాను."

"ఎందుకురా?"

"నేను అప్పటికే పెట్టేశాను. మనం చేతులు ఎత్తడానికి ముందే. మీరందరూ కూడా పెడితే నేను చేసింది తప్పు కాదని అనిపిస్తుందేమో అని."

"ఎంత?"

"అంతా."

ఆవిడ గోడ పట్టుకుంది. "మీ ఆవిడకి తెలుసా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదట్రా నీకు? నిన్ను ఈ చేతుల్తో పెంచానే!"

"నీతో చెప్పాలంటే భయమక్కా" అన్నాడు వాడు. యాభై దాటిన మనిషి, కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "ఏం చెప్పినా వద్దంటావు. ఏం చేసినా అందులో తప్పేంటో చూస్తావు. ఇన్నాళ్ళకి నా అంతట నేను ఒక పని చేద్దామనుకున్నా. నువ్వు మాస్టారిని అన్నావు, కంపెనీని అన్నావు, నన్ను మాత్రం అడగలేదు. నువ్వు నా వైపు చూసి అడిగి ఉంటే అక్కడే చెప్పేసేవాణ్ణి."

ఆవిడకు వాణ్ణి కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేకపోయింది. "లే. నేను పాతిన సంచి ఎక్కడుంది? తీసుకురా. ముందు మాస్టారింటికి పోదాం" అంది.

మాస్టారు తలుపు తీసి, వాళ్ళను చూసి, లోపలికి రమ్మనలేదు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి చేతులు జోడించింది. "మీ మీద నింద వేశాను. తప్పు నాది. తప్పు చేసినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు" అంది. జరిగింది తమ్ముడే చెప్పాడు, తల దించుకుని, ఏమీ దాచకుండా. మాస్టారు అంతా విని, చివరికి కుర్చీలు చూపించాడు.

పాతిన అసలు సంచిని ఆవిడ బల్ల మీద పెట్టింది. నాలుగు మూలల్లోనూ సూది చిల్లులున్నాయి. మట్టి దులిపితే మళ్ళీ షాపులో అమ్మేయొచ్చు, అంత శుభ్రంగా ఉంది. "అంటే మోసమేగా మాస్టారూ? కరగలేదు కదా!"

"నాకూ అదే అర్థం కావట్లేదు. మళ్ళీ చూద్దాం" అని మాస్టారు అరలోంచి కంపెనీ కాగితాలు ఇంకో కట్ట తీసి, భూతద్దం పెట్టి చివరి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివాడు. మామూలు మట్టిలో ఈ సంచి కరగదట. చెత్తను కుప్ప వేసి, రోజుల తరబడి బాగా వేడి మీద ఉంచి ఎరువుగా మార్చే ప్లాంటుకు చేర్చాలట. అక్కడైతే మూడు నెలల్లో కలిసిపోతుందట.

మాస్టారు భూతద్దం పక్కన పెట్టాడు. "ఇది నేను చదవలేదమ్మా. పైన పెద్ద అక్షరాలు చదివి ఆగిపోయాను."

తూకం అక్క నాలుక కరుచుకుంది. కాగితం చివరిదాకా చదవాలని తనకూ తట్టలేదు. ఊరందరినీ కూర్చోబెట్టి తను పెట్టిన పరీక్షే తప్పుల తడక. కుండీలో నలభై రోజులు కాదు, నాలుగేళ్ళున్నా ఆ సంచి అలాగే ఉండేది. కంపెనీ అబద్ధం చెప్పలేదు. నిజాన్ని అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టిందంతే.

"అయితే కరుగుతుంది!" తమ్ముడు కుర్చీలోంచి సగం లేచాడు. "నిజంగానే కరుగుతుందన్నమాట. కంపెనీ మంచిదే కదక్కా?"

"అలాంటి ప్లాంటు మన ఊళ్ళో ఉందా మాస్టారూ?" అంది ఆవిడ.

"లేదు."

"పక్క ఊళ్ళో?"

"నేను వినలేదమ్మా."

అంతే, ఆవిడకు లెక్క మొత్తం అర్థమైపోయింది. కరిగించే చోటు లేనప్పుడు కరిగే సంచిని మూడింతలు పెట్టి ఎవరు కొంటారు? ఆ ప్లాంట్లు ఎప్పుడొస్తాయి, ఎవరు కడతారు, అందాకా కంపెనీ నిలబడుతుందా? మూడేళ్ళు డబ్బు కదలదు. నాలుక చివరి దాకా వచ్చాయి ఆ ప్రశ్నలన్నీ. మాస్టారు కిటికీలోంచి వీధి వైపు చూస్తున్నాడు.

"నా డబ్బు వస్తుంది కదక్కా?" అని అడిగాడు తమ్ముడు.

ఆవిడ వాడి కళ్ళలోకి చూసింది. మసకబారిన ఆ కళ్ళు తన మొహాన్ని వెతుక్కుంటున్నాయి. "వస్తుందిరా. కచ్చితంగా వస్తుంది. నువ్వేం భయపడకు" అంది.

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పుట్టి బుద్ధెరిగాక, దేని గురించైనా సరే, అక్క అంత తేలిగ్గా భరోసా ఇవ్వడం వాడెప్పుడూ చూడలేదు. మెల్లగా మళ్ళీ కుర్చీలో కూర్చుని, "అయితే రాదన్నమాట" అన్నాడు.