పరుపు చివర మడత

తెనాలిలో పరుపుల షాపుకు వెళ్లాం. మా అమ్మాయి ఓ స్పాంజి పరుపు మీద కాళ్లు చాపుకుని పడుకుని చూస్తోంది. మూలనున్న బూరుగు దూది దిండ్ల వాసనకు నాకు బాపట్లలో మా వరండా గుర్తొచ్చింది.

నా ఆరో ఏట, పరుపులు కుట్టే మస్తాను మామ నన్ను చారల గుడ్డ మీద పడుకోబెట్టి కొలత తీశాడు.

"ఎదిగే పిల్ల, ఓ జానెడు ఎక్కువ వెయ్యి మస్తానూ," అంది నాయనమ్మ.

నేను పెరగాల్సింది ఇక ఆ జానెడే అనుకున్నాను. అది తొందరగా అయిపోకూడదని రోజూ రొయ్యలా ముడుచుకుని పడుకునేదాన్ని. కడుపునొప్పేమోనని అమ్మ వామునీళ్లు తాగించేది. వారం తాగాక ఆ ఘాటు భరించలేక నిజం చెప్పేశాను.

ఇంట్లో అందరూ పడిపడి నవ్వారు. ఆ దారిన సైకిల్ మీద వెళ్తున్న మామను పిలిచి మరీ చెప్పారు. ఆయన మాత్రం నవ్వలేదు. పరుపు చివర కుట్టు కొంచెం విప్పి, లోపలి మడత చూపించాడు.

"ఇదిగో తల్లీ, ఇంకో మూరెడు గుడ్డ దాచా. నువ్వు పెరిగినప్పుడు విప్పుతా. సరేనా?"

పదకొండో ఏట విప్పి, దూది నింపాడు కూడా. పరుపంతా వెలిసిపోయినా, ఆ మూరెడు మేర చారలు కొత్తగా మెరిశాయి.

"ఇది ఆరడుగులండి, పాప పెద్దయినా సరిపోద్ది," అన్నాడు షాపతను.

"అక్కడేం వెతుకుతున్నావమ్మా?" అంది మా అమ్మాయి.

అప్పుడు చూసుకున్నాను. నా చెయ్యి పరుపు చివర కుట్టు వెంట మడత కోసం తడుముతోంది.