ఆడ గొర్రెలకు ఏసేసినాము

ఊరూరా తిరిగి గొర్రెలకు టీకాలు వేయడం మా పని. మేము ముగ్గురం. మందులు పంపే అమ్మాయి మదనపల్లెలో ఉండేది. కుప్పం వైపు ఊళ్ళు మాలో పెద్దాయనవి. పుంగనూరు నాది. నేను గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినదాన్ని, ఇక్కడి యాస చెవికి ఇంకా పట్టలేదు. ముగ్గురం కలిసేది తక్కువ, మాటలన్నీ ఫోన్‌లో గ్రూపులోనే.

ఒక సాయంత్రం, శాంతిపురం వెళ్ళిన పెద్దాయన గ్రూపులో రాశారు: "ఆడ గొర్రెలకు ఏసేసినాము. రేపు ఒకరు మందు తీసుకుని రాండి."

ఆడవాటికి అయింది, ఇక పొట్టేళ్ళు మిగిలాయన్నమాట, అనుకున్నాను. "సరే, నేను వస్తా" అని రాశాను.

పొద్దున్నే ఐసు పెట్టెలో మందు సర్దుకుని, రెండు బస్సులు మారి శాంతిపురం చేరాను. దొడ్డిలో పొట్టేళ్ళన్నిటి వీపుల మీదా టీకా వేసినట్టు నీలం రంగు గుర్తులున్నాయి.

"యాల వచ్చినావమ్మా?" అంది గొర్రెలావిడ. "నిన్న మీ సారు అన్నిటికీ ఏసి పోయినాడే."

"ఆడవాటికే కదా?"

"పొట్టేళ్ళకు గూడా ఏసినాడు. సూడు, ఇంకా అలిగే ఉండాయి."

పెద్దాయనకు ఫోన్ చేశాను.

"యాడుండావమ్మా? గుడుపల్లెలో నీ కోసరం కాసుకోని ఉండాను."

మెసేజ్ చదివి వినిపించాను. అవతల నవ్వు మొదలైంది.

"ఆడ అంటే అక్కడ అని, తల్లీ. శాంతిపురంలో. ఆడ పని అయినాక గుడుపల్లెకు వచ్చి రాసినా."

గొర్రెలావిడ దొడ్డి తలుపు పట్టుకుని నవ్వింది. నాకూ ఆగలేదు. ఆయన బండి మీద వచ్చి నన్ను గుడుపల్లె తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి అక్కడి మందకంతా వేసేశాం. పెట్టెలో ఐసు ఇంకా కరగలేదు.

సంగతి విన్న మదనపల్లె అమ్మాయి ఆ రోజే ఒక పద్ధతి పెట్టింది. రాసేవాళ్ళు ఊరి పేరుతో సహా రాయాలి. చదివినవాళ్ళు 'సరే' అని ఊరుకోకుండా, ఏం అర్థమైందో తమ మాటల్లో తిరిగి రాయాలి. పద్ధతి పెద్దాయనకు తెగ నచ్చింది. మర్నాడే ఇలా రాశారు:

"గుడుపల్లె, రెండో దొడ్డి. ఆడవి, మగవి, పిల్లలు, అన్నిటికీ ఏసినాము. ఒక మేక వచ్చి వరసలో నిలబడుకున్యాది. దానికి ఏయలేదు."

నిమిషంలో మదనపల్లె నుంచి జవాబు వచ్చింది: "నాకు అర్థమైంది ఇది: గొర్రెలన్నిటికీ అయింది, మేక ఒట్టి చేతులతో ఇంటికి పోయింది."

పుంగనూరు బస్సులో అది చదివి పైకే నవ్వాను.