స్విచ్చుల బాబాయి ఇంటి లైటు

“ఇంకా ఆర్పలేదేంటండీ?” అని భార్య అడిగేసరికి స్విచ్చుల బాబాయి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

భూమి వేడెక్కిపోతోందని, ఒక్క గంటసేపు అందరూ లైట్లార్పి కూర్చోవాలని ఊరంతా అనుకున్న రాత్రి అది. తాముండే భవనంలో ప్రతి తలుపూ తట్టి, అందరి చేతా ఆర్పించి, చివరికి తన ఇంటి లైటు తనే ఆర్పాడు. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ఆ చీకట్లో ఆవిడ ఊలు స్వెటరు అల్లుకుంటూ, తాపీగా ఆ మాట అడిగింది. సూదుల టిక్కుటిక్కు ఆగనే లేదు.

ఆయన ఎలక్ట్రీషియన్. వైర్లు బిగించడం బతుకుతెరువు, లైట్లు ఆర్పడం పిచ్చి. చుట్టపుచూపుగా వెళ్లినా ముందు చెయ్యి స్విచ్చు మీదికే పోతుంది. ఓసారి బావమరిది గడ్డం గీసుకుంటుంటే బాత్రూం లైటు ఆర్పేసి, నెల్లాళ్లు మాటల్లేకుండా చేసుకున్నాడు. ఇక సొంత ఇంట్లో చెప్పేదేముంది! నిరుడు ఆవిడ పట్టపగలే లైట్లు వేస్తుంటే, “కరెంటేమైనా మీ పుట్టింటి నుంచి వస్తోందా?” అని దెప్పిపొడిచేవాడు. పోనుపోను ఆవిడ స్విచ్చు జోలికే పోవడం మానేసింది. పని నుంచి ఆయన వచ్చేసరికి ఇల్లంతా చీకటి. ఇన్నాళ్లకి తన మాట చెవికెక్కిందని మురిసి ముక్కలైపోయాడు. మొన్న భవనం వాళ్ల మీటింగులో, “మా ఆవిణ్ణి చూసి నేర్చుకోండి” అని అందరి ముందూ చెప్పాడు కూడా.

రంగురంగుల పువ్వులల్లే మనిషి ఈమధ్య ఒట్టి తెల్ల స్వెటర్లే ఎందుకల్లుతోందో, ఒక్కసారైనా అడిగి చచ్చాడా?

బాబాయి మళ్లీ లైటు వేశాడు. ఆవిడ తల తిప్పలేదు, రెప్పయినా వేయలేదు.

“ఎవరిదండీ ఆ లైటు?” అని కింద వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు వాళ్ల కేకలు.

“పాపం, ఎవరో మర్చిపోయినట్టున్నారు. వెళ్లి చెప్పి రండి,” అంది ఆవిడ.

“అది మన లైటేనే,” అన్నాడు.

సూదులు ఆగిపోయాయి. ఆవిడ ఊలుండ ఒళ్లోకి లాక్కుని తడుముతూ కూర్చుంది.

“నాకొక్క మాట చెప్పొద్దుటే?”

“మీరంత సంబరపడిపోతుంటే, ఎలా చెప్పనండీ?”

కింద కేకలు ఎక్కువయ్యాయి. బాబాయి చెయ్యి స్విచ్చు మీదికి పోలేదు.